పదిమంది ఫస్ట్ బేస్‌మన్ల లిస్టులో లూ గెరిగ్ లేడేటండీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ స్పోర్ట్స్ పేజీలో కింద మూల, క్రికెట్ వార్తల పక్కన చిన్న బాక్సు కట్టి బేస్‌బాల్ చరిత్రలో టాప్ టెన్ ఫస్ట్ బేస్‌మన్లు అని ఒకటి వేసేరు. ఫస్ట్ బేస్‌మన్ అంటే బ్యాటర్ పరిగెత్తి చేరాల్సిన మొదటి బేస్ దగ్గర నిలబడి బంతి పట్టే ఫీల్డర్. తెలుగు పేపర్లో బేస్‌బాల్ మీద పది లైన్లు రావడమే గొప్ప కదా, అందుకని మా ఆవిడని వంటింట్లోంచి పిలిచి మరీ చూపించేను, కళ్ళజోడు తెచ్చుకుని ఒకటి నుంచి పది దాకా చదివేను, మళ్ళీ చదివేను, మూడోసారి వేలు పెట్టుకుని చదివేను. న్యూయార్క్ యాంకీస్ టీము ఫస్ట్ బేస్‌మన్ లూ గెరిగ్ లేడు. ఏటి సార్ ఇది, సింహాద్రి అప్పన్న లేని సింహాచలం లాగ, మెట్లున్నాయి క్యూలైన్లున్నాయి ప్రసాదం కౌంటరుంది, లోపల దేవుడే లేడు.

కాసేపటికి విషయం తెలిసింది. ఎవరో హోమ్ రన్ల (మన సిక్సుల లాంటివి) లెక్క తీసి పైనుంచి కిందకి పేర్చి మీకు పంపేసేరు, మీవాళ్ళు అలాగే అచ్చేసేరు. పుహోల్స్ 703, జిమ్ టోమీ 612, మెగ్వైర్ 583, కిల్లబ్రూ 573, పాల్మెరో 569, జిమ్మీ ఫాక్స్ 534, ఫ్రాంక్ థామస్, మెకోవీ ఇద్దరివీ 521, ఎర్నీ బ్యాంక్స్ 512, మిగెల్ కబ్రేరా 511. అక్కడితో పది నిండిపోయింది. 504తో ఎడ్డీ మర్రే గుమ్మం బయట, 493తో గెరిగ్ ఆయన వెనకాల. ఇలా లెక్కేస్తే మన క్రికెట్లో సిక్సులు ఎక్కువ కొట్టినోడే గొప్ప బ్యాటరు, గవాస్కర్ ద్రవిడ్ ఇద్దర్నీ గేటు దగ్గరే ఆపెయ్యాలి.

పైగా ఆ పదిమందిలో అందరూ ఫస్ట్ బేస్ వాళ్ళేనా అంటే అదీ పూర్తిగా కాదు. ఎర్నీ బ్యాంక్స్ ఫస్ట్ బేస్ దగ్గర ఎక్కువ మ్యాచులే ఆడేడు గానీ ఆయనకి పేరూ, 1958, 59లో ఎంవీపీలూ (ఆ ఏటి బెస్ట్ ప్లేయర్ అవార్డులు) వచ్చింది షార్ట్‌స్టాప్‌గా, అంటే సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే ఫీల్డర్‌గా. ఫ్రాంక్ థామస్ సగానికి పైగా కెరీర్ అసలు ఫీల్డింగే చెయ్యలేదు, డీహెచ్ అంటారు, అంటే బ్యాటింగ్ మాత్రం చేసి మిగతా టైమంతా డగౌట్లో కూచోడం, మన ఐపీఎల్ ఇంపాక్ట్ ప్లేయర్ టైపు. ఆయన బ్యాటింగ్‌కి దండం పెడతాను, 1993, 94 రెండేళ్ళూ వరసగా ఎంవీపీ, కానీ మీరు పెట్టిన హెడ్డింగ్ ఫస్ట్ బేస్‌మన్లు అని కదా.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ ముసలాయనకి బేస్‌బాల్ ఏటి అనుకుంటారు. నేను పోర్టులో టైమ్ ఆఫీసులో 31 ఏళ్ళు చేసి రిటైరయ్యేను, అంటే ఎవడు వచ్చేడు ఎవడు రాలేదు, ఎ షిఫ్టా బి షిఫ్టా నైటా, ఎవడు సంతకం పెట్టి వెనక గేటు నుంచి జారుకున్నాడు, ఇదే నా ఉద్యోగం. మా అబ్బాయి సెయింట్ లూయీలో ఉంటాడు. 2022లో విజిటర్ వీసా మీద ఆరు నెలలు వెళ్ళేం. పొద్దున్నే వాడూ కోడలూ ఆఫీసుకి వెళ్ళిపోతే ఇల్లంతా నిశ్శబ్దం, వీధిలో మనిషి కనపడడు, టీవీ పెడితే బేస్‌బాల్. మొదటి వారం ఏటీ అర్థం కాలేదు. రెండో వారం స్ట్రైకూ బాలూ తెలిసింది. నెల తిరిగేసరికి మా ఆవిడ కూడా పప్పు తాలింపు ఆపి "ఏవండీ, వాడు సేఫా ఔటా" అని అడగడం మొదలెట్టింది.

ఆ ఏడాదే పుహోల్స్‌కి ఆఖరి సీజన్, పదేళ్ళ పైన వేరే ఊళ్ళు తిరిగి మళ్ళీ పాత టీము కార్డినల్స్‌కి వచ్చేడు. ఒక ఆదివారం మధ్యాహ్నం మావాడు స్టేడియానికి తీసుకెళ్ళేడు. అక్కడ బయటి తిండి రానిస్తారు, మా ఆవిడ చేగోడీలూ నేను విశాఖ నుంచి మోసుకెళ్ళిన మాడుగుల హల్వా డబ్బా పట్టుకెళ్ళేం. పక్క సీటాయన నా కన్నా పెద్దాయనే, హల్వా తిని ఏ ఊరు అని అడిగితే ఇండియాలో విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ అని చెప్పేను. ఆయన ముఖం చూడాలి. అక్కడ ఎంవీపీ అంటే ఆ సీజన్లో అందరి కన్నా విలువైన ఆటగాడికి ఇచ్చే అవార్డు. అలాంటి వాళ్ళకి ప్రత్యేకంగా ఒక కాలనీ కట్టేరా మీ ఊళ్ళో అని అడిగేడు. కాదండీ మువ్వలవానిపాలెం, రైతు బజార్ దగ్గర అని మావాడు విడమరిచి చెప్పేసరికి పొట్ట పట్టుకుని నవ్వేడు. తర్వాత పుహోల్స్ బ్యాటు పట్టుకుని బయటకొస్తే స్టేడియం స్టేడియం అంతా లేచి నిలబడింది. కొట్టిన బంతి గాల్లోకి లేచి ఫీల్డర్ చేతిలో పడింది, అయినా చప్పట్లు ఆగలేదు.

నాకు మాత్రం ఆ రోజు కన్ను పడింది పుహోల్స్ మీద కాదు, ఫస్ట్ బేస్ దగ్గర నిలబడ్డ గోల్డ్‌ష్మిట్ మీద. అక్కడ పెద్ద లీగులు రెండు, నేషనల్ ఒకటి, అమెరికన్ ఒకటి; ఆ ఏడాది నేషనల్ లీగ్ ఎంవీపీ ఆయనే అయ్యేడు, అది తర్వాత సంగతి. షార్ట్‌స్టాప్ పరిగెడుతూ పరిగెడుతూ విసిరిన బంతి ఫస్ట్ బేస్‌కి ఒక మూర ముందు మట్టిలో పడింది. మన దగ్గర రనౌట్ కోసం స్టంప్స్ దగ్గర నిలబడ్డ కీపర్‌కి హాఫ్ వాలీ త్రో వస్తుంది చూడండి, అచ్చం అదే. ఈయన కుడికాలు బేస్ అంచుకి ఆనించి ఎడంకాలు ముందుకి చాపి, తొడ నేలకి తగిలేంత కిందకి సాగి, ఎడంచేతి మిట్‌తో మట్టితో సహా ఎత్తేసేడు. రన్నర్ కాలు బేస్ మీద పడేసరికి బంతి అప్పటికే లోపలుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు సార్. అది మామూలు పని కింద లెక్క. తప్పుగా విసిరిన షార్ట్‌స్టాప్ ఖాతాలో ఎర్రర్ పడలేదు, ఆపినోడి ఖాతాలో ప్రత్యేకంగా ఏటీ రాయరు, మామూలు ఔట్ అని రాసుకుని ముందుకెళ్ళిపోతారు. మా టైమ్ ఆఫీసులో కూడా అంతే, వెయ్యి మంది హాజరు సరిగ్గా వేస్తే ఎవడూ మాట్లాడడు, ఒక్కడికి తప్పు పడితే యూనియన్ వాళ్ళు గుమ్మంలో ఉంటారు.

ఆ పని ఎంత కష్టమో నాకు మా మనవడి వల్ల తెలిసింది. సెయింట్ లూయీలో మావాడి ఇంటి దగ్గర ఎవరో గ్యారేజీ ముందు పాత సామాన్లు అమ్ముతుంటే అయిదు డాలర్లకి ఒక ఫస్ట్ బేస్ మిట్ కొన్నాను. మామూలు గ్లవ్‌కి వేళ్ళు విడివిడిగా ఉంటాయి, దీనికి ఉండవు, పెద్దగా వెడల్పుగా చేట ముక్కలా ఉంటుంది. తెచ్చేక తెలిసింది అది కుడిచేతికి తొడుక్కునేది అని, అంటే ఎడంచేత్తో విసిరే వాళ్ళది. ఇంట్లో ఎవరికీ పనికిరాలేదు, బీరువా మీద పడేసేం, మన ఉప్పుగాలికి వానాకాలం వచ్చేసరికి తోలంతా బూజు. తుడిచి కొబ్బరినూనె రాసి, లోపల బంతి పెట్టి రబ్బరు బ్యాండ్లు చుట్టి పరుపు కింద పెట్టేను, అక్కడ వాళ్ళు కూడా ఇలాగే అదును చేస్తారు. మా అమ్మాయి కొడుకుది ఎడంచేతి వాటం. అన్నం ఎడంచేత్తో ముట్టుకుంటే వాళ్ళ అమ్మమ్మ ఇప్పటికీ చెయ్యి మీద ఒక్కటి వేస్తుంది. వాడికి ఈ మిట్ కొలిచి కుట్టినట్టు సరిపోయింది, ఇంట్లో ఒక్క చోటైనా వాడి ఎడంచెయ్యికి మర్యాద దొరికింది.

ఫస్ట్ బేస్ దగ్గర ఎడంచేతి వాటం వాళ్ళకే సౌకర్యం అండీ, ఎందుకంటే మిట్ కుడిచేతికి ఉంటుంది కాబట్టి గ్రౌండ్ లోపలి వైపు చెయ్యి సాగుతుంది, బంతి తీసి సెకండ్ బేస్‌కి విసరాలంటే ఒళ్ళు తిప్పక్కర్లేదు. గెరిగ్, సిస్లర్, హెర్నాండెజ్ అందరూ ఎడంచేత్తో విసిరేవాళ్ళే. బేసుకీ బేసుకీ మధ్య దూరం 90 అడుగులు, మా కాలనీ గ్రౌండ్లో అది కొలిచేం, అంటే 30 గజాలు, మన వన్డేల్లో సర్కిల్ ఎంత దూరమో అంత. ప్రో ఆటగాళ్ళు ఆ దూరం నాలుగు సెకన్ల పైచిలుకులో పరిగెట్టేస్తారు. పక్కింటి ఇంజనీరింగ్ కుర్రాడు క్రికెట్ బంతి గట్టిగా విసిరితే మా మనవడు పదింటిలో మూడు పట్టేడు, నాలుగు గోడకి తగిలేయి, ఒకటి నా మోకాలికి తగిలింది. మిగతా రెండూ ఇప్పటికీ దొరకలేదు. మ్యాచులో 27 ఔట్లుంటే తొమ్మిదో పదో ఫస్ట్ బేస్‌మన్ చేతిలోనే అవుతాయి. కాబట్టి ఈ పోస్టుకి ర్యాంకు ఇవ్వాలంటే రెండు చూడాలి అంటాను నేను, ఎంత కొట్టేడు అన్నది సరే, ఎన్ని రోజులు వచ్చి ఆ బేస్ దగ్గర నిలబడ్డాడు అన్నది కూడా.

అందుకే నా లిస్టులో ఒకటో నంబరు గెరిగ్, ఇందులో బేరం లేదు. 1925 జూన్ 1న ఎవరి బదులో బ్యాటింగ్‌కి దిగేడు, మర్నాడు యాంకీస్ ఫస్ట్ బేస్‌మన్ వాలీ పిప్ బదులు ఫీల్డులోకి వచ్చేడు. పిప్ ఏమీ అల్లాటప్పా కాదు, 1916, 17లో లీగులో ఎక్కువ హోమ్ రన్లు కొట్టినోడు. తలనొప్పి అని ఒక్క రోజు కూచున్నాడు, కుర్చీ పోయింది అని కథ చెప్తారు, టీము ఓడిపోతుంటే మేనేజరే మార్చేడు అని ఇంకో మాట. ఏదైతేనేం, ఆ కుర్చీ 1939 ఏప్రిల్ 30 దాకా ఖాళీ అవలేదు. 2,130 మ్యాచులు వరసగా. ఒక్క సీఎల్ లేదు, సిక్ లీవ్ లేదు. మన గవాస్కర్ వరసగా 106 టెస్టులు ఆడితే ఎంత గొప్పగా చెప్పుకున్నాం, ఇంగ్లండ్ కుక్ 159 ఆడేడు, అవీ గొప్పవే గానీ ఇక్కడ ఏడాదికి 154 మ్యాచులు, దాదాపు రోజూ ఆట, మధ్యలో రాత్రుళ్ళు రైలు ప్రయాణాలు.

టైమ్ కీపర్ని కాబట్టి ఒక్క నిజం దాచకూడదు. 1934 జూలైలో గెరిగ్‌కి నడుం పట్టేసింది, నిలబడలేకపోయేడు. మర్నాడు డెట్రాయిట్‌లో మ్యాచి. రికార్డు తెగిపోకూడదని లిస్టులో షార్ట్‌స్టాప్ అని పేరు వేసి మొదటి బ్యాటర్‌గా దింపేరు, ఒక్క హిట్ కొట్టి ఫస్ట్ బేస్ చేరేడు, వెంటనే ఇంకొకడు ఆయన బదులు పరిగెట్టడానికి వచ్చేడు, ఈయన ఇంటికి. మా భాషలో దీన్ని మస్టర్‌లో సంతకం పెట్టి వెళ్ళిపోవడం అంటారు, మా దగ్గరైతే ఆ రోజు సగం జీతం కోసేవాణ్ణి. కానీ అదే మనిషి అదే ఏడాది లీగులో సగటు, హోమ్ రన్లు, ఆర్‌బీఐ మూడింట్లోనూ ఫస్ట్ వచ్చి ట్రిపుల్ క్రౌన్ కొట్టేడు. కోసిన సగం రోజు జీతం ఓటీ కింద తిరిగి ఇచ్చేస్తాను.

ఆర్‌బీఐ అంటే రిజర్వ్ బ్యాంక్ కాదండోయ్, తను కొట్టిన దెబ్బకి బేసుల మీదున్న వాళ్ళు ఇంటికి, అంటే బ్యాటర్ నిలబడే చోటికి, తిరిగి చేరితే వచ్చే రన్నులు. 1931లో గెరిగ్‌వి 185, అమెరికన్ లీగులో ఇప్పటికీ అదే రికార్డు. కెరీర్ సగటు 0.340, అంటే వెయ్యి సార్లు బ్యాటు పడితే 340 హిట్లు. బేసులు మూడూ నిండి ఉండగా కొట్టే హోమ్ రన్‌ని గ్రాండ్ స్లామ్ అంటారు, అవి 23, ఆ రికార్డు 2013లో గానీ అలెక్స్ రోడ్రిగెజ్ దాటలేకపోయేడు. ఇదంతా బేబ్ రూత్ పక్కన ఉండి. రూత్ మూడో నంబర్లో, ఈయన నాలుగో నంబర్లో బ్యాటింగ్ చేసేవాళ్ళు, అందుకే రూత్ జెర్సీ 3, ఈయనది 4. 1927లో గెరిగ్ 47 హోమ్ రన్లు కొట్టి ఎంవీపీ అయ్యేడు, కానీ అదే ఏడాది రూత్ 60 కొట్టేడు, పేపర్ల నిండా రూతే. పెద్దన్న గారి పెళ్ళిలో చిన్న తమ్ముడి ఉపనయనం కలిపి చేసినట్టు.

ఆఖరు ఎలా అయిందో కూడా చెప్పాలి. 1939 ఏప్రిల్‌కి ఒంట్లో శక్తి లేదు, ఎనిమిది మ్యాచుల్లో నాలుగే హిట్లు. ఆ నెలాఖర్లో ఒక మ్యాచిలో పిచ్చర్ (మన బౌలర్ లాంటివాడు) మామూలు బంతి ఒకటి అందుకుని ఫస్ట్ బేస్‌కి విసిరేడు, గెరిగ్ ఎలాగోలా బేస్ దగ్గరకి చేరి పట్టుకున్నాడు. పదిహేనేళ్ళ నుంచి రోజుకి పదిసార్లు చేస్తున్న పని. దానికి టీములో వాళ్ళు భలే పట్టేవు లూ అని మెచ్చుకున్నారు. అప్పుడు తెలిసిందట ఆయనకి. మే 2న డెట్రాయిట్‌లో మేనేజర్ దగ్గరకి వెళ్ళి నన్ను తీసెయ్యండి అని తనే చెప్పేడు, డాల్‌గ్రెన్ అనే కుర్రాడు దిగేడు, ఆ రోజు యాంకీస్ 22-2తో గెలిచేరు. నేను 31 ఏళ్ళలో ఎంతో మందిని చూసేను సార్, కళ్ళు కనపడక పోయినా చేతులు వణుకుతున్నా క్రేన్ దిగమంటే దిగరు, ఒక్క ఇంక్రిమెంట్ చూసి దిగుతాను బాబూ అంటారు. తనంత తను వచ్చి నా పేరు కొట్టెయ్యండి అన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

జూన్‌లో ఆయన 36వ పుట్టినరోజు నాడే డాక్టర్లు ఏఎల్‌ఎస్ అని తేల్చేరు, కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోయే జబ్బు. అమెరికాలో ఇప్పటికీ దానికి గెరిగ్ జబ్బు అనే పేరు. 2014లో ఐస్ నీళ్ళ బకెట్లు నెత్తి మీద కుమ్మరించుకున్నారు గుర్తుందా, మన హైదరాబాద్‌లో దాన్ని రైస్ బకెట్‌గా మార్చి పేదలకి బియ్యం ఇచ్చేరు, ఆ బకెట్లన్నీ ఈ జబ్బు కోసం మొదలైనవే. జూలై 4న యాంకీ స్టేడియంలో అరవై వేల పైన జనం ముందు, నేను భూమ్మీద అందరికన్నా అదృష్టవంతుణ్ణి అన్నాడు. 1941 జూన్ 2న పోయేడు. పిప్ కుర్చీలో కూచున్నది 1925 జూన్ 2న. తారీఖులు చూడటం నా అలవాటు, ఇది చూసి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు చెప్పండి, 493 దగ్గర ఆగిపోయింది కాబట్టి టాప్ టెన్‌లో లేడు అంటే ఎలాగ?

రెండో నంబరు పుహోల్స్. మీ వాళ్ళు పుజోల్స్ అని వేసేరు, స్పానిష్ పేరు, జ పలకరు. మా అబ్బాయి ఒకటో నంబరు ఆయనకే ఇవ్వాలంటాడు, నాన్నా మీకు హాజరు పిచ్చి అంటాడు, ఫోన్లో గంట గంట దెబ్బలాడుకున్నాం. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన కుర్రాడు, 1999 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వరసగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, 401 మంది అయిపోయాక 402వ వాడిగా తీసుకున్నారు. 2001 నుంచి 2010 దాకా పదేళ్ళూ ప్రతి ఏడూ సగటు 0.300 పైన, 30 హోమ్ రన్ల పైన, 100 ఆర్‌బీఐ పైన. పదకొండో ఏడు సగటు 0.299, ఆర్‌బీఐ 99. ఒక్క పాయింటు ఒక్క రన్ను, పదో తరగతిలో ఒక్క మార్కుకి ఫస్ట్ క్లాస్ పోయిన కుర్రాడిలాగ. అదే ఏడాది వరల్డ్ సిరీస్‌లో, అంటే ఫైనల్స్‌లో, ఒకే మ్యాచిలో మూడు హోమ్ రన్లు కొట్టి లెక్క సరిచేసేడనుకోండి. మూడు ఎంవీపీలు, ఫీల్డింగ్‌కి రెండు గోల్డ్ గ్లవ్‌లు, చూడటానికి బండగా ఉన్నా ఫస్ట్ బేస్ దగ్గర మహా చురుకు. కానీ తర్వాత కాలిఫోర్నియా టీము పదేళ్ళకి 24 కోట్ల డాలర్లు ఇచ్చి తీసుకెళ్ళింది, అక్కడ పాదాలు మోకాళ్ళు దెబ్బతిని మునుపటి మనిషి కాలేదు. మొదటి పదేళ్ళే చూస్తే మావాడి మాటే నిజం. మొత్తం సర్వీసు బుక్కు తెరిస్తే నా మాట.

మూడు జిమ్మీ ఫాక్స్. మేరీలాండ్ రైతుబిడ్డ, చేతులు చూస్తే రోలు ఎత్తేలా ఉంటాయి, అందుకే మృగం అని పేరు పెట్టేరు. 1932లో 58 హోమ్ రన్లు, 33లో ట్రిపుల్ క్రౌన్, మూడు ఎంవీపీలు, 32 ఏళ్ళకే 500 హోమ్ రన్లు. తర్వాత తాగుడూ గాయాలూ కలిసి తొందరగా దింపేసేయి. ఆ తొందర లేకపోతే రెండో నంబరు కోసం గట్టి పోటీ.

ఇక్కడి నుంచి నంబర్లు వెయ్యను, వేస్తే మా ఇంట్లోనే గొడవ. కానీ ఇద్దరి పేర్లు మీ లిస్టులో వచ్చే వీలే లేదు, అందుకే వాళ్ళ గురించి రాయాలి. ఒకాయన బక్ లెనార్డ్, హోమ్‌స్టెడ్ గ్రేస్ టీము. నల్లవాళ్ళని పెద్ద లీగుల్లోకి రానివ్వని రోజులు కాబట్టి నీగ్రో లీగుల్లో ఆడేడు, ఆయన్ని నల్ల గెరిగ్ అనేవాళ్ళు. 1947లో జాకీ రాబిన్సన్ ఆ గోడ బద్దలు కొట్టి డాడ్జర్స్ తరఫున దిగేడు కదా, ఆ రోజు ఆయన నిలబడింది ఎక్కడో తెలుసా, ఫస్ట్ బేస్ దగ్గరే. అప్పటికి లెనార్డ్‌కి 39 ఏళ్ళు. గేటు తెరిచేసరికి ఆయన షిఫ్టు అయిపోయింది. 1972లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో పెట్టేరు, ఆ లీగులని మేజర్ లీగులుగా ఒప్పుకున్నది మాత్రం 2020లో. అదే ఫస్ట్ బేస్ వాడు క్యాప్ ఆన్సన్, 3,000 హిట్లు కొట్టిన మొట్టమొదటివాడని చెప్పుకుంటారు, నల్ల ఆటగాళ్ళు ఉంటే నేను ఆడను అని మంకుపట్టు పట్టినోళ్ళలో ముందున్నాడు. హిట్లు ఎన్నైనా ఉండనీండి, నా లిస్టులోకి ఆయన్ని రానివ్వను. ఆయన మాత్రం గేటు దగ్గర ఎంత మందిని ఆపలేదు?

రెండో ఆయన జపాన్ సదహారు ఓ. ఇంటిపేరు ఒక్క అక్షరం, ఓ, మన ఇంటిపేర్లు రైల్వే రిజర్వేషన్ ఫారంలో పట్టవు. టోక్యో జెయింట్స్‌కి 22 సీజన్లు, 868 హోమ్ రన్లు, అమెరికాలో కూడా ఎవరికీ అన్ని లేవు. బంతి వచ్చే ముందు ఒక కాలు ఎత్తి కొంగలాగ నిలబడేవాడు, ఆ నిలకడ కోసం కత్తి పట్టుకుని సాధన చేసేడు. అక్కడి పిచ్చింగ్ వేరు, గ్రౌండ్లు చిన్నవి అంటారు, అననీండి, తొమ్మిది సార్లు లీగు ఎంవీపీ.

హ్యాంక్ గ్రీన్‌బర్గ్‌కి యుద్ధం నాలుగేళ్ళ పైన మింగేసింది, తిరిగొచ్చి 1945 ఆఖరి రోజున గ్రాండ్ స్లామ్ కొట్టి డెట్రాయిట్‌కి లీగు గెలిపించేడు, దాన్ని నేను ఆన్ డ్యూటీ కింద రాస్తాను, ఆబ్సెంట్ వెయ్యను. జార్జ్ సిస్లర్ 1922లో సగటు 0.420, ఇప్పటి కుర్రాళ్ళు కలలో కూడా చూడరు. జానీ మైజ్ 1947లో 51 హోమ్ రన్లు కొట్టి స్ట్రైకౌట్ (మూడు స్ట్రైకులు పడి ఔట్) అయింది 42 సార్లే. కీత్ హెర్నాండెజ్ హోమ్ రన్లు 162, మీ లెక్కలో ఎక్కడా కనపడడు, కానీ ఫస్ట్ బేస్‌కి 11 గోల్డ్ గ్లవ్‌లు, ఇంకెవరికీ అన్ని లేవు, ఆయన్ని నేను పదిలో పెడతాను, ఎవరేమన్నా సరే. సెయింట్ లూయీ పెద్దవాళ్ళు స్టాన్ మ్యూజియల్ ఏడీ అంటారు, వెయ్యి మ్యాచుల పైన ఫస్ట్ బేస్ ఆడేడు నిజమే, కానీ ఔట్‌ఫీల్డ్ ఇంకా ఎక్కువ, రెండు డిపార్ట్‌మెంట్లలో పేరున్న మనిషి, సీనియారిటీ అక్కడే లెక్కేసుకోమనండి.

ఇంక మెగ్వైర్, పాల్మెరో. 1998లో 70 కొట్టిన మెగ్వైర్ స్టెరాయిడ్లు వాడేనని 2010లో తనే ఒప్పుకున్నాడు. పాల్మెరో 2005లో అమెరికా పార్లమెంటు కమిటీ ముందు వేలు చూపించి ఎప్పుడూ వాడలేదన్నాడు, కొన్ని నెలలకే టెస్టులో దొరికేడు. అది అలా ఉంచండి, 1999లో ఆయన ఫస్ట్ బేస్ దగ్గర నిలబడింది 28 మ్యాచులు, మిగతావన్నీ డీహెచ్. ఆ ఏడాది ఫస్ట్ బేస్ గోల్డ్ గ్లవ్ ఆయనకే ఇచ్చేరు. సంవత్సరంలో 28 రోజులు డ్యూటీకొచ్చినోడికి బెస్ట్ వర్కర్ షీల్డు. ఇలాంటిది మా టైమ్ ఆఫీసులో జరిగుంటే కొబ్బరికాయలు పగలగొట్టి ధర్నా చేసేవాళ్ళు.

ఎడిటర్ గారూ, లిస్టు మళ్ళీ వేసే ఉద్దేశం ఉంటే గెరిగ్‌ని పైన పెట్టి వెయ్యండి, పుహోల్స్ స్పెల్లింగ్ దిద్దండి. ఇంకొక్కటి, మీరు ఆ బాక్సులో వేసిన ఫొటో చూసి మా మనవడు కూడా కనిపెట్టేసేడు. అందులో ఉన్నాయన మొహానికి ఇనప జాలీ, కాళ్ళకి ప్యాడ్లు వేసుకుని బ్యాటర్ వెనకాల గొంతుక్కూచున్నాడు. ఆయన క్యాచర్ అండీ.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టైమ్ కీపర్,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం